భయపడినవారికే పింఛను

నన్ను చంపింది మా మనవరాలే. అలాగని దానిమీద నాకేం కోపం లేదు. కావాలని చేసింది కాదు, పైగా నా మొహంతోనే నన్ను చంపింది కాబట్టి సగం పాపం నాది కూడాను. పోయాక నాకో పెద్ద ఉద్యోగం వచ్చింది. అదంతా చెప్పాలంటే ముందు క్యారేజీ దగ్గర మొదలెట్టాలి.

మా హిమజ చిన్నప్పుడు అన్నం తినేది కాదు. వాళ్లమ్మా నాన్నా ఉద్యోగాలకని రాయగడలో ఉంటే పిల్ల కాకినాడలో నా దగ్గరే పెరిగింది. క్యారేజీ గిన్నె పట్టుకుని దాని వెనకాల నేను తిరిగిన తిరుగుడు ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మంచం కింద దూరితే మంచం కింద, పక్కవాళ్ల గోడెక్కితే గోడ పక్కన, "అన్నం తిన్నావా తల్లీ?" అంటూ ప్రత్యక్షమయ్యేదాన్ని. నా చెప్పులీడుపు వినబడితే చాలు పిల్ల ఊపిరి బిగబట్టేసేదిట. ప్రేమగా తినిపిస్తున్నాననే అనుకున్నాను నేను. అదేమో బతుకు జీవుడా అని పారిపోతోందిట.

పెద్దదై కంప్యూటరు చదువు చదివింది. ఉద్యోగానికి పొమ్మంటే పోనని మేడమీద గదిలో కూర్చుని వీడియో గేము ఒకటి తయారుచేసింది. ఒక్కర్తే! బొమ్మలూ అదే గీసింది, చప్పుళ్లూ అదే పెట్టింది. వెనక కంపెనీ లేదు, డబ్బు పెట్టే షావుకారు లేడు. ఉన్నదల్లా మా ఆయన పోయాక నాకొచ్చే పింఛను. ఆయన రోడ్ల శాఖలో జీపు తోలేవారు. ఆ పింఛను మీద నేనూ, మనవరాలూ, దాని కంప్యూటరూ ముగ్గురం బతుకుతున్నాం. ముగ్గురిలో కంప్యూటరే ఎక్కువ తింటుంది, కరెంటు.

ఆట పేరు 'ఆఫీసు వేళలు ముగిసినవి'. కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు సాయంత్రం ఆఫీసులో చిక్కుకుపోతాడు. గేటు తాళం తీయించుకోవాలంటే పెద్ద సంతకం ఒకటి కావాలి. ఆ సంతకం పెట్టే ఆయన ఏ గదిలో ఉన్నాడో ఎవరికీ తెలీదు. వరండాలో మాత్రం పాత ఆయా ఒకావిడ దెయ్యమై తిరుగుతూ ఉంటుంది. చెప్పులీడ్చుకుంటూ వస్తుంది. చేతిలో క్యారేజీ. "అన్నం తిన్నావా నాయనా?" అంటుంది. పారిపోవాలి, దాక్కోవాలి. చిక్కామా, క్యారేజీ మూత తీస్తుంది. లోపల ఏముందో చూసి వచ్చి చెప్పినవాడు ఇంతవరకూ లేడు. తెర నల్లబడిపోయి 'మీరు మరణించారు' అని పడుతుంది.

"దెయ్యాన్ని ఎవరూ చంపలేరా?" అని అడిగాను.

"చంపలేరమ్మమ్మా. ఆవిడకి చావు లేదు. తప్పించుకు తిరగడమే."

ఆ ఆయా మొహం నాది. గొంతు నాది. చెప్పులీడుపూ నాదే. ఫోను పట్టుకుని నా చుట్టూ ప్రదక్షిణం చేసి బుగ్గ మీది పులిపిరితో సహా ఎక్కించుకుంది. ఇన్నేళ్లలో నా బొమ్మ ఎవరూ గీయలేదు కదా, నాకు మురిపెంగానే ఉంది. "కాస్త నవ్వుతున్నట్టు పెట్టవే" అన్నాను. నవ్వుతున్నట్టే పెట్టింది. అది ఇంకా భయంగా ఉందని ఆడినవాళ్లందరూ రాశారుట.

ఇక్కడిదాకా మా ఇంటి గోల. ఇకనుంచి సర్కారువారిది.

మా ఊళ్లో సజీవ నిర్ధారణ శాఖ అని ఒకటుంది. పింఛనుదారులు ఏడాదికోసారి వెళ్లి బతికే ఉన్నామని అక్కడ రుజువు చేసుకోవాలి. పూర్వం ఒక పెద్దమనిషి మన మొహం చూసి "ఆఁ, ఉన్నారు" అని సంతకం పెట్టేవాడు. తర్వాత వేలిముద్ర యంత్రం వచ్చింది. అంట్లు తోమీ తోమీ అరిగిపోయిన వేళ్లు యంత్రానికి ఆనక ఎంతమంది ఆడవాళ్లు ఏడ్చుకుంటూ ఇంటికెళ్లారో నాకు గుర్తే. తర్వాత మొహం చూసే కెమెరా వచ్చింది. దానికి రెప్ప ఆర్పి చూపించాలి. ఏటేటా రుజువు పెరుగుతోందే గాని మేం మాత్రం ఎప్పట్లాగే బతికున్నాం.

ఆ శాఖకి కొత్త డైరెక్టరుగారు వచ్చారు, త్రివిక్రమరావుగారని. ఎక్కడో పెద్ద సదస్సుకి వెళ్లి, పరిపాలన అంతా ఆటల రూపంలో ఉండాలని విని వచ్చారు. అదే వారం పేపర్లో మా హిమజ ఫొటో పడింది. 'ఈమె ఆట ఆడి భయపడనివారు లేరు' అని రాశారు. ఆయన ఆ ముక్క కత్తిరించి బల్ల అద్దం కింద పెట్టుకున్నారుట. మా పిల్లని పిలిపించారు. నేనూ వెంట వెళ్లాను.

"వేలిముద్ర సజీవత్వానికి ప్రమాణం కాజాలదమ్మా," అన్నారాయన, కుర్చీలో వెనక్కి వాలి. "రెప్పపాటు కూడా యాంత్రికమే. ప్రాణికి అనన్యమైన లక్షణం ఒక్కటే, భయం. నిర్జీవులు భయపడజాలరు. కావున భయపడువారు సజీవులు. ఈ సూత్రం ఇంతవరకు ఏ రాష్ట్రానికీ తట్టలేదు!"

హిమజ కంగారుగా అందుకుంది. "సార్, పింఛను తీసుకునేవాళ్లు పెద్దవాళ్లు కదండీ, ఇది దెయ్యాల ఆట..."

"అందుకే అత్యుత్తమం. ప్రజాహితార్థం స్వీకరిస్తున్నాము."

పక్కన సూపరింటెండెంటు ఆదిశేషు నిలబడి ఉన్నాడు. సన్నగా, మర్యాదగా ఉంటాడు. డైరెక్టరుగారు ఏమన్నా "తప్పకుండానండి" అంటాడు. అప్పుడూ అదే అన్నాడు.

ఆ నెలలోనే నోటీసు అంటించారు. 'ఇందుమూలముగా యావన్మంది పింఛనుదారులకు తెలియజేయునది ఏమనగా, సజీవత్వము రెండు విభాగములలో పరీక్షింపబడును. మొదటిది భయ విభాగము. రెండవది పలాయన విభాగము. మొదటి దానిలో భయపడనివారును, రెండవ దానిలో చిక్కినవారును దివంగతులుగా పరిగణింపబడుదురు.' ఆట చివర తెరమీద ఏది పడితే అది తిన్నగా రికార్డులోకి ఎక్కేలా యంత్రానికి తగిలించారు. 'మీరు మరణించారు' అని పడితే మరణించినట్టే. ఆటలో మాట ఆటవరకే అని ఎవరైనా చెప్పుంటారా అంటే, అది చెప్పే సెక్షను వేరేట.

పరీక్ష రోజు హాలు చూడాలి మీరు! వరసగా కంప్యూటర్లు, వాటి ముందు మా వయసు వాళ్లందరూ. కళ్లజోళ్లు తుడుచుకునేవాళ్లు, మౌసుని దణ్ణం పెట్టి ముట్టుకునేవాళ్లు. తలపైన కెమెరా, దాని పక్కన దీపం. భయపడితే పచ్చదీపం వెలుగుతుంది.

మొదటి బల్ల దగ్గర ఒకావిడ కూర్చుంది. దెయ్యం వచ్చి మొహంలో మొహం పెట్టినా ఆవిడ చలించలేదు. తమలపాకు నవులుతూ చూస్తోంది. ఉమ్మడి కుటుంబంలో అత్తగారితో నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి, ఆవిడకి ఇదొక లెక్కా? దీపం వెలగలేదు.

"భయ విభాగంలో అనుత్తీర్ణులయ్యారండి. తమరు లేరు," అన్నాడు ఆదిశేషు మైకులో.

"ఎక్కడికి పోయాను?" అందావిడ.

తర్వాత గవర్రాజుగారు. బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నెలరోజుల్నించీ పొద్దున్నే పరుగు సాధన చేసి మరీ వచ్చారు. మెళ్లో ఈల కూడా ఉంది. ఆట మొదలవగానే గుమాస్తాని వరండాలో తిన్నగా పరిగెత్తించారు. పక్కకి తిరగడం ఆయన నేర్చుకోలేదు. అవతలి చివర్న మా ఆయా క్యారేజీ పట్టుకుని నిలబడే ఉంది. వెళ్లి నేరుగా ఆవిడ ఒళ్లో పడ్డారు.

"రన్నింగులో లోపం లేదు! ట్రాకులో లోపం!" అని అరిచారు గవర్రాజుగారు. అప్పటికే పోయారు.

నా వంతు వచ్చింది. భయ విభాగంలో నాకే ఇబ్బందీ కలగలేదు. నా మొహాన్ని అంత దగ్గర్నించి నేనెప్పుడూ చూసుకోలేదు. దడుచుకున్నాను. పచ్చదీపం వెలిగింది. పలాయనం మొదలైంది. హిమజ ఇంటి దగ్గర చెప్పింది చెప్పినట్టు బీరువా చాటున దాక్కున్నాను. చెప్పుల చప్పుడు దగ్గరకొచ్చింది. "అన్నం తిన్నావా నాయనా?" అంది.

ఇప్పుడు మీరు చెప్పండి. ఎవరైనా అన్నం తిన్నావా అని అడిగితే జవాబు చెప్పకుండా దాక్కోవడం ఏం మర్యాద? మా ఇంట్లో అలా పెరగలేదు నేను. బీరువా చాటునుంచి ఇవతలకొచ్చి, "తిన్నానమ్మా, నువ్వు తిన్నావా?" అన్నాను.

క్యారేజీ మూత తీసింది.

ఆదిశేషు కళ్లజోడు తీసి లేచి నిలబడ్డాడు. "మామ్మగారూ, తమరి మరణానికి శాఖ తరఫున ప్రగాఢ సానుభూతి. తర్వాతివారు రండి."

"మరి నా పింఛను సంగతేంటి నాయనా?"

"దివంగతులతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపరాదండి. వారసుల్ని పంపండి."

"ఇప్పుడు మాట్లాడుతున్నావుగా?"

"ఇది అనధికారికమండి," అన్నాడు గొంతు తగ్గించి. "అలా ఎడమవైపు తలుపులోంచి వెళ్లండి. అది పోయినవాళ్లకి."

ఎడమవైపు తలుపు బయట చెట్టు నీడన పోయినవాళ్లం చాలామందిమి పోగయ్యాం. గవర్రాజుగారు మజ్జిగ తెప్పించారు. తాగితే చల్లగానే ఉంది. ఏమిటో, పోయినట్టు అనిపించలేదు.

ఇంటికొచ్చాక గాని తెలిసిరాలేదు. బ్యాంకులో నా పేరు నొక్కితే ఎర్రగీత వచ్చింది. గ్యాసువాడు ఫోను చేసి 'మీ కనెక్షను వారసుల పేరున మార్చుకోండి' అన్నాడు, నాతోనే. హిమజ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనే చంపేశానమ్మమ్మా. నీ మొహం పెట్టి నిన్నే..." అని నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. "ఆ ఆట చెరిపేస్తాను. ఏదో ఒక ఉద్యోగానికి పోతాను."

"చెరపడమేమిటే? నా బొమ్మ అందులో ఒక్కదాన్లోనే ఉంది," అన్నాను. పైకి అలా అన్నానే గాని, పింఛను రాకపోతే పై నెలనుంచి ఆ పిల్ల మేడమీద గదిలో దీపం వెలగదని నాకు తెలుసు. నాకు భయమేసింది. కెమెరా ఉంటే పచ్చదీపం వెలిగేది.

మర్నాడు ఇద్దరం డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లాం. నన్ను లోపలికి రానివ్వలేదు, పోయినవాళ్లకి ప్రవేశం లేదుట. గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుని అంతా విన్నాను.

"సార్, ఆటని తేలిక చేసేస్తానండి. దెయ్యాన్ని కాస్త నెమ్మదిగా నడిపిస్తాను."

"అది సాధ్యం కాదమ్మా. తేలిక చేస్తే అర్హత లేనివాళ్లు కూడా బతికేస్తారు."

"అయితే ఆటే తీసేస్తానండి."

"తీసివేసిన యెడల ఇంతవరకు పోయినవారి పునఃపరిశీలనకు ఆధారమే మిగలదు. శాశ్వతంగా పోతారు. ఆలోచించుకోండి."

"కిటికీలోంచి చూడండి సార్, మా అమ్మమ్మ బెంచీ మీద కూర్చునుంది!"

ఆయన లేచి వచ్చి కిటికీలోంచి నన్ను చూశారు. నేను దణ్ణం పెట్టాను. ఆయనా పెట్టారు.

"చూశాను. ఆవిడ ఆరోగ్యంగా ఉన్నారు. ఆవిడ ఫైలే పోయింది," అన్నారు.

"ఎవరు బతికించగలరండి మరి?"

ఆదిశేషు దగ్గాడు. "శాఖలో బతికున్న అధికారి సంతకం పెడితే చాలండి. అనగా డైరెక్టరుగారు..."

"ఒకరిని బతికిస్తే రేపు అందరూ బతుకుతామంటారు!" అని డైరెక్టరుగారు తలుపు వేయించేశారు.

ఆ తర్వాత మా ఊరు ఊరులా లేదు. బతుకు కోచింగు సెంటర్లు వెలిశాయి. అందులో పెద్దది గవర్రాజుగారిదే. 'స్వయంగా మరణించిన అనుభవం గల మాస్టారిచే శిక్షణ' అని బోర్డు పెట్టారు. సాయంత్రం పార్కుకి వెళితే చెట్టుకో ముసలాయన, పొదకో ముసలావిడ దాక్కుని ఉండేవారు. ఈల వెయ్యగానే వంగి, అడుగులో అడుగు వేసుకుంటూ ఇంకో చెట్టు చాటుకి పోవాలి. ఎవరైనా "భోంచేశారా?" అని పలకరిస్తే చాలు, చెప్పులు వదిలేసి పారిపోయేవారు. కాకినాడలో మనిషిని మనిషి అన్నం తిన్నావా అని అడగడం మానేశారండీ. అంతటి పాపం జరిగింది.

పాస్ అయినవాళ్లు లేకపోలేదు. వాళ్లు మెళ్లో బిళ్ల వేసుకు తిరిగేవారు, 'సజీవి' అని. పోయినవాళ్ల ఇళ్లకి కాఫీకి వచ్చేవారు కాదు.

ఇంతమంది పింఛనుదారులు పోయేసరికి శాఖ పేరు పైకి పాకిపోయింది. డైరెక్టరుగారికి దండ వేశారు. దండ వేసుకున్న ఉత్సాహంలో ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. పింఛను బతికున్నవాళ్లకే అయినప్పుడు జీతం మాత్రం ఎవరికి? కావున శాఖలో ఉద్యోగులందరూ కూడా సజీవత్వం నిరూపించుకోవలెను అన్నారు.

"తప్పకుండానండి," అన్నాడు ఆదిశేషు. ఆ మాట అంటున్నప్పుడు మొదటిసారి అతని గొంతు వణికిందిట.

ఆ ఆఫీసువాళ్లు ఎలా పోయారో గవర్రాజుగారు వచ్చి చెబుతుంటే నేను నవ్వలేక కూలబడిపోయాను. ఆటలోకి వెళ్లిన గుమాస్తా ఎవరైనా మొదట ఏం చెయ్యాలి? పరిగెత్తాలి. వీళ్లలో ఒక్కరు పరిగెత్తితే ఒట్టు. ఆటలో కూడా అది ఆఫీసే కదా! వెళ్లగానే కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. ఒకాయన ఫ్యాను మీట కోసం గోడంతా తడిమాడు. ఇంకొకాయన దెయ్యం వస్తే "లంచి తర్వాత రండి" అన్నాడు. క్యాషు సెక్షను ఆవిడైతే క్యారేజీ చూసి "ఏం కూర?" అని అడిగింది. అందరూ పోయారు. ఆదిశేషు ఒక్కడు మాత్రం పరిగెత్తి సంతకం పెట్టే ఆయన గది దాకా వెళ్లాడుట పాపం. కాని పై అధికారి అనుమతి లేకుండా తలుపు తొయ్యడం ఇష్టం లేక అక్కడే నిలబడ్డాడు. వెనకనుంచి చెప్పుల చప్పుడు.

ఆఖర్న డైరెక్టరుగారు. పేపర్లవాళ్లని పిలిచారు, కంప్యూటరుకి రిబ్బను కట్టి కత్తిరించారు. కూర్చున్నారు. మా ఆయా వచ్చింది. "అన్నం తిన్నావా నాయనా?"

"నేను డైరెక్టర్ని!" అన్నారాయన.

"అన్నం తిన్నావా నాయనా?"

"ఆదిశేషూ, ఈవిణ్ణి ఎవరు లోపలికి రానిచ్చారు?" అని ఆయన బెల్లు నొక్కబోయి మౌసు నొక్కారు. గుమాస్తా రెండడుగులు ముందుకేశాడు. మూత తీసింది.

తెరమీద ఆ మాట పడింది. ఆదిశేషు మైకు తీసుకుని, "మన ప్రియతమ డైరెక్టరుగారి ఆకస్మిక మృతికి సంతాప సూచకంగా అందరూ లేచి నిలబడవలసిందిగా కోరుతున్నాను," అన్నాడు. డైరెక్టరుగారు కూడా లేచి నిలబడ్డారుట. తలొంచుకుని తనకి తనే మౌనం పాటించారు. అలవాటైన మనిషి కదా.

ఇప్పుడు చిక్కేమిటంటే, ఎవరినైనా బతికించాలంటే శాఖలో బతికున్న అధికారి సంతకం కావాలి. శాఖలో బతికున్నవాళ్లు లేరు. పై ఆఫీసుకి రాస్తే 'మరణించిన అధికారి పంపిన లేఖ స్వీకరింపబడదు' అని తిప్పి పంపారు. జీతాలు ఆగాయి. జీతం ఆగేసరికి ఆఫీసంతటికీ నిజంగానే ప్రాణం పోయినట్టయింది.

అప్పుడు యంత్రం తన పని తను చేసింది. శాఖ ఖాళీగా ఉండకూడదని దానికి ముందే చెప్పి పెట్టారుట. ఆఫీసులో డ్యూటీ మీద సజీవంగా ఉన్న మొహం ఏదైనా ఉందా అని రికార్డంతా గాలించింది. ఒక్క మొహం దొరికింది. ప్రతి ఆటలోనూ ఉంది, ఒక్క ఆటలోనూ చావలేదు. బుగ్గ మీద పులిపిరి. కట్టా పేరంటాలమ్మ, ఫలానా వీధి, కాకినాడ.

మధ్యాహ్నం నేను పెరుగన్నం కలుపుతుంటే వాకిట్లో కారాగింది. ఆదిశేషు దిగాడు. చేతిలో కాగితం, నుదుట చెమట.

"మామ్మగారూ... కాదండీ, మేడమ్‌గారూ. తమరిని ఇన్‌ఛార్జి డైరెక్టరుగా నియమిస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయండి."

"నేను పోయానుగా నాయనా!"

"పింఛను సెక్షనులో పోయారండి. ముఖాల సెక్షనులో ఉన్నారు. ఆ రెండు సెక్షన్లకీ మాటల్లేవండి."

హిమజ మేడ మీంచి మెట్లు రెండేసి దిగొచ్చింది. కాగితం చదివింది, నా మొహం చూసింది, గోడకి ఆనుకుని నవ్వడం మొదలెట్టింది. ఎన్నాళ్లకి నవ్విందో! "వెళ్లమ్మమ్మా, వెళ్లి అందర్నీ బతికించు!"

కలిపిన అన్నం వదిలెయ్యడం ఇష్టం లేక క్యారేజీలో సర్దుకుని కారెక్కాను. డ్రైవరు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. మా ఆయన జన్మంతా ఎవరెవరికో అలా తలుపు తీసి పట్టుకున్నారు. ఒక్కసారి సరదాగా జీపెక్కించమంటే "సర్కారు బండి, పేరంటాలూ" అనేవారు. కాస్సేపు నాకు కళ్లు మసకేశాయి. తర్వాత, కారులో ఏసీ బాగుంది, సర్దుకున్నాను.

ఆఫీసు వరండాలో పోయిన ఉద్యోగులంతా బారుగా కూర్చుని ఉన్నారు. నా చెప్పులీడుపు వినగానే సగం మంది లేచి స్తంభాల చాటుకి పోయారు. అలవాటు కాబోలు. డైరెక్టరుగారు గుమ్మం పక్క బెంచీ మీద, నేను కూర్చున్న చోటే కూర్చున్నారు.

లోపల కుర్చీ ఎంత మెత్తనో! కూర్చుంటే దిగిపోయాను. గోడమీద ఇక్కడా హాల్లోలాంటి కెమెరా, దాని పక్కన దీపం. బల్ల మీద బెల్లు ఉంది. ఊరికే నొక్కి చూశాను. ఆదిశేషు పరిగెత్తుకొచ్చాడు. "ఏం లేదు నాయనా," అన్నాను. వెళ్లాడు. మళ్లీ నొక్కాను. మళ్లీ వచ్చాడు. హిమజ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అవును గానీ, పోయినవాడివి నువ్వెలా పనిచేస్తున్నావు?" అని ఆదిశేషుని అడిగాను.

"అలవాటు కొద్దీనండి."

ఫైళ్లు తెచ్చి పడేశాడు. నా సంతకం పొడుగు. ఒక్కో అక్షరం పేనుకుంటూ రాస్తాను. తమలపాకు ఆవిణ్ణి బతికించాను. గవర్రాజుగారిని బతికించాను. ఆయన వరండాలో ఈల వేశారు, కోచింగు మూతపడుతుందన్న బెంగ కూడా కాస్త ఉందనుకోండి. గుమాస్తాల్ని బతికించాను, క్యాషావిడకి పెరుగన్నమే అని జవాబు కూడా చెప్పాను. ఆదిశేషుని బతికిస్తే ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని, "తప్పకుండానండి," అన్నాడు.

"ఇంకో ఉత్తర్వు రాయి నాయనా. ఇకమీదట మనిషి వచ్చి ఎదురుగా నిలబడితే బతికున్నట్టే."

ఆదిశేషు కలం ఆపేశాడు. "ఇంత సూటిగా ఉంటే ఉత్తర్వు అవదండి." తనే సర్దుకుని రాశాడు: 'పింఛనుదారు స్వయముగా హాజరై అధికారి సమక్షమున నిలువంబడిన యెడల, సదరు నిలువంబాటే సజీవత్వముగా భావింపబడును.' సంతకం పెట్టాను.

నా ఫైలు మీద నేనే సంతకం పెట్టకూడదని ఆదిశేషు అంటే దాన్ని పక్కన పెట్టాం. ఇక డైరెక్టరుగారి ఫైలొక్కటే మిగిలింది. ఆయన గుమ్మంలోంచి తొంగిచూశారు. "అమ్మా, నాది కూడా..."

"రేపు రండి," అన్నాను.

నిజంగా చెబుతున్నాను, ఆ మాట నేననలేదు. నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఆ కుర్చీ మెత్తలోనే ఎక్కడో ఉన్నట్టుంది.

"అమ్మమ్మా!" అని హిమజ కసిరింది.

సిగ్గేసింది. వెంటనే పెట్టేశాను. సంతకం ఆరకుండానే యంత్రం కూత పెట్టింది, అసలు డైరెక్టరు బతికాడు కాబట్టి ఇన్‌ఛార్జి అక్కర్లేదని. నేను లేచి ఇవతలి వైపుకొచ్చాను, ఆయన అవతలి వైపుకెళ్లి కూర్చున్నారు. కూర్చోగానే నడుము నిటారుగా అయిపోయింది, గొంతు కూడా మారింది.

"ఇక మా అమ్మమ్మ ఫైలండి," అంది హిమజ. "తన ఫైలు మీద తనే సంతకం పెట్టుకోకూడదన్నారు. మీరు పెట్టాలి."

ఆయన ఫైలు తెరిచారు. కళ్లజోడు సవరించుకున్నారు. కలం మూసేశారు.

"ఇందులో క్లిష్టత ఉందమ్మా. రికార్డు ప్రకారం ఈవిడ చాలాకాలం క్రితమే దివంగతురాలు. ఈ మధ్యకాలంలో ఈవిడ చేసిన సంతకాలు కూడా ఉన్నట్టు కనబడుతోంది. దివంగతుల సంతకం చెల్లదు. ముందుగా సదరు సంతకాలన్నిటినీ రద్దు పరచిన పిదప..."

"చెల్లదాండీ?" అంది హిమజ, చాలా వినయంగా.

"ఎంతమాత్రం చెల్లజాలదు."

ఆదిశేషు గాలి పీల్చడం ఆపేశాడు. మెల్లిగా వంగి ఆయన చెవిలో, "తమర్ని బతికించిన సంతకం కూడా అదేనండి," అన్నాడు.

డైరెక్టరుగారు నా ఫైలు చూశారు, తన ఫైలు చూశారు, గుమ్మం పక్క బెంచీ చూశారు. కలం తెరిచి సంతకం పెట్టిన ఊపుకి కాగితం చిరిగింది. చిరిగినచోట ఆదిశేషు టేపు అంటించాడు. నేను బతికాను.

హిమజ నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ఆయనకేసి చూస్తే జాలేసింది నాకు. పొద్దుట్నించీ బెంచీ మీద కూర్చున్నాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఎవరూ పచ్చి మంచినీళ్లు కూడా ఇచ్చినట్టు లేదు. ఎంతైనా తల్లి కన్నబిడ్డే కదా. చెప్పులీడ్చుకుంటూ బల్ల దగ్గరికి వెళ్లి, క్యారేజీ బల్ల మీద పెట్టి, మూత మీద చెయ్యి వేసి అడిగాను.

"అన్నం తిన్నావా నాయనా?"

డైరెక్టరుగారు కుర్చీలో లేరు. బల్ల కింద దొరికారు. ఆదిశేషూ, డ్రైవరూ కలిసి బయటికి లాగుతుంటే గోడమీది కెమెరా ఆయన మొహం చూసి పచ్చదీపం వెలిగించింది.